అకార్డియన్ రికార్డులో అయిదో ఖాళీ

భాస్కరరావులో ఒక గొప్ప గుణం ఉంది. ఊళ్లో ఇంకెవరూ చెప్పడం లేదు కాబట్టి అప్పుడప్పుడు ఆయనే చెప్పుకోవాల్సి వస్తోంది. తనకి తెలిసింది ఏదీ ఆయన కడుపులో దాచుకోడు. యానాంలో పాత గ్రామఫోను రికార్డుల కొట్టు ఆయనదొక్కటే. అందులో అడుగుపెట్టినవాడు రికార్డు కొన్నా కొనకపోయినా, ఆ పాట ఏ రాగమో, వయొలిన్ వాయించినాయన ఎందుకు ఎడమచేత్తో వాయించేవాడో, అట్టమీద బొమ్మలో ఉన్న చీర ఏ ఊరి నేతో తెలుసుకునే బయటపడతాడు. అడిగితే చెప్తాడు. అడక్కపోయినా చెప్తాడు. పాట వస్తున్నప్పుడు ముఖ్యంగా చెప్తాడు, ఎందుకంటే అప్పుడే కదా వినేవాడు కదలకుండా ఉంటాడు.

రోజూ తొమ్మిదిన్నరకి షట్టరు ఎత్తుతాడు. గోదావరి గట్టు రెండు వీధుల అవతలే కాబట్టి పొద్దున్న తడిగాలి తగులుతుంది, అందుకని ముందు ఫ్యాను వేసి రికార్డుల అట్టలు ఆరనిస్తాడు. పాత పంచె ముక్కతో ఒక్కొక్కటీ తుడుస్తాడు. తుడుస్తూ దానికి దాని చరిత్ర చెప్తాడు. మనుషులు లేనప్పుడు వాటితోనే సరిపెట్టుకోవాలి మరి.

రికార్డు తిరుగుతూ పాటకీ పాటకీ మధ్య ఉండే ఖాళీకి వచ్చినప్పుడు దగ్గర్లో ఎవరైనా మాట్లాడితే, ఆ మాట ఆ ఖాళీలో పడుతుంది. ఇది యానాంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు, ఎండాకాలం సముద్రం పోటు మీదుంటే ఏట్లో నీళ్లు ఉప్పగా ఉంటాయని తెలిసినట్టు. పాట మీద ఏమీ పడదు, పాట చోటు పాటది. ఖాళీ మాత్రం పట్టుకుంటుంది. పాత మాట మీద కొత్త మాట పడితే పాతది కిందకి పోతుంది, గోడకి వేసిన సున్నం మీద సున్నం వేసినట్టు. ఆ తర్వాత ఎంత గీకినా రాదు. ఎవరూ నోరెత్తకుండా వింటే మాత్రం పాత మాట చెక్కుచెదరకుండా ఉంటుంది.

అందుకే భాస్కరరావు నాన్నగారి రోజుల్లో ఆ కొట్టుకొక పద్ధతి ఉండేది. ఎవరైనా పాత రికార్డు అమ్మడానికి తెస్తే ఆయన వెంటనే కొనేవారు కాదు. తెచ్చినవాళ్లని గోడవారన బల్లమీద కూర్చోబెట్టి, రెండువైపులా తిప్పి వినిపించేవారు. ఆ సేపు కొట్లో ఈగ కూడా నెమ్మదిగా తిరిగేది. పాటల మధ్య వాళ్ల ఇల్లు వినపడేది. ఎవరో కాఫీ అడగడం, ఎవరో ఎవర్నో విసుక్కోవడం, చనిపోయిన తాతగారు దగ్గడం. విన్నాక సగంమంది రికార్డు చంకన పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయేవారు. పెద్దాయన ఏమీ అనుకునేవారు కాదు. రోజంతా కలిపి ఆయన పది మాటలు మాట్లాడితే అందులో ఎనిమిది "ఆయ్" లే. కొనేవాళ్లని కూడా ఏం కావాలని అడిగేవారు కాదు. ఎంతసేపైనా వెతుక్కోనిచ్చేవారు. ఆ కొట్లోకి వెళ్తే చల్లగా నీళ్లలో కాళ్లు పెట్టుకు కూర్చున్నట్టుండేదని ముసలివాళ్లు ఇప్పటికీ అంటారు.

భాస్కరరావు కొట్టు గురించి కూడా అంటారు. ఈ కొట్లో కొన్న రికార్డు ఇంటికి తీసుకెళ్లి వేసుకుంటే, మొదటి పాట అవగానే భాస్కరరావు వస్తాడు. "ఇప్పుడు రాబోయేది జాగ్రత్తగా వినండి" అంటాడు. రెండో పాట అవగానే, ఎందుకు జాగ్రత్తగా వినమన్నాడో చెప్తాడు. రొయ్యల చెరువులున్న ఆనంద్ అనే ఆయన కాకినాడ నుంచి నెలకోసారి కారేసుకుని వస్తాడు. "సరుకు బంగారమండి, కొట్టాయన భోజనానికి వెళ్లినప్పుడు వెళ్లాలి" అని తన స్నేహితులకి చెప్తాడట.

ఈ మాట భాస్కరరావు చెవిన కూడా పడింది. "కుళ్లు" అన్నాడు.

"కుళ్లు కాదండీ, గోడు," అంది ఆయన భార్య సత్యశ్రీ, కేరేజీలో పెరుగన్నం సర్దుతూ. "డబ్బులిచ్చి కొనుక్కున్నవాళ్లకి పాటే వినాలని ఉంటుంది. మీ గొంతు ఉచితంగా వినేదాన్ని, నాకే చాలడం లేదు ఓపిక."

అంతవరకూ ఇదంతా నవ్వులాటే. నవ్వులాట కానిది కొట్లో పై అరలో ఉంది.

లూయిస్ అని కరెంటు పనులు చేసే అతనుండేవాడు. మూడేళ్ల కిందట జ్వరమని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్తే మళ్లీ ఇంటికి రాలేదు. ఆర్నెల్లకి అతని భార్య జోసెఫిన్ ఒక రికార్డు పట్టుకుని కొట్టుకొచ్చింది. అకార్డియన్ మీద పాటల ట్యూన్లు వాయించింది. ఒకవైపు ఆరు ట్యూన్లు, రెండోవైపు గీత పడి పనికిరాదు. వాళ్లింట్లో ఉన్నది ఆ ఒక్క రికార్డే. ఆదివారం చర్చి నుంచి రాగానే లూయిస్ అదే వేసేవాడట.

"ఆయన ఫోన్లో వీడియోలు నూటపాతిక ఉన్నాయి అన్నయ్యగారూ," అంది జోసెఫిన్. "అన్నీ ఆయన తీసినవే. తీసేటప్పుడు మాట్లాడితే బొమ్మ ఊగిపోద్దని ఊపిరి బిగబట్టేవారు. ఒక్కదాంట్లో కూడా ఆయన గొంతు లేదు. ఇందులోనే ఉంది."

"కూర్చోమ్మా, వేస్తాను."

"వద్దు. ఇప్పుడు వింటే ఏడుపొచ్చేస్తది. నా ఏడుపు ఆయన మాట మీద పడిపోద్ది. ఇంట్లో ఉంచితే మా షారోన్ తెలీక వేసేస్తది. మీ దగ్గర దాచండి. ఏడవకుండా వినగలిగిన రోజున వస్తాను. అప్పటిదాకా తిప్పకండి."

"నేనెందుకు తిప్పుతానమ్మా" అన్నాడు భాస్కరరావు. న్యూస్ పేపర్లో చుట్టి, పైన తన గుండ్రటి అక్షరాలతో "జోసెఫిన్‌గారిది. తిప్పరాదు" అని రాసి, పై అరలో పెట్టాడు. అక్షరాలు బాగా కుదిరాయని రెండుసార్లు చూసుకున్నాడు కూడా.

పోయిన శ్రావణమాసంలో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, ఆనంద్ వచ్చాడు. "అకార్డియన్ మీద మన ట్యూన్లు వాయించిన రికార్డొకటి ఉందని విన్నానండి. మీ దగ్గర ఉండదులెండి" అన్నాడు.

ఉండదులెండి! ఆ మాట అనకుండా ఉండాల్సింది. భాస్కరరావు స్టూలెక్కాడు. చూపించి మళ్లీ పెట్టేద్దామనే దించాడు. చూపించాక, మూడో ట్యూనులో ఒకచోట అకార్డియన్ మనిషిలా ఊపిరి తీసుకుంటుందని చెప్పాల్సి వచ్చింది. చెప్పాక వినిపించకపోతే అబద్ధమనుకుంటాడు. ఒక్క మూడోదే వేద్దామనుకున్నాడు కానీ, మొదటి రెండూ వినకుండా మూడోది వింటే ఏం తెలుస్తుంది? ఇరవై రెండు నిమిషాలు. ముల్లు లేచాక, బల్లమీద నలిగిన పేపరు మీద ఎవరివో గుండ్రటి అక్షరాలు కనపడ్డాయి. తిప్పరాదు.

ఆ రోజు ఆనంద్ ఏం కొన్నాడో, ఎప్పుడు వెళ్లాడో భాస్కరరావుకి గుర్తులేదు.

మళ్లీ ఒకసారి వేసి ఏం మిగిలిందో వినొచ్చు. ఆ ధైర్యం చాల్లేదు. రికార్డుని అదే పేపర్లో అవే మడతల మీద చుట్టి, ఈసారి వెనక గదిలో అర మీద పెట్టేశాడు. జోసెఫిన్ కనకాలపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. రోజూ కొట్టు ముందు నుంచే స్కూటీ మీద వెళ్తుంది. ఆ హారన్ వినపడగానే భాస్కరరావుకి కింద అరలో ఏదో వెతకాల్సిన పని పడేది. ఒక్కోరోజు ఆమె బండాపి, "ఇంకా ధైర్యం రావట్లేదన్నయ్యగారూ" అనేది. "తొందరేముందమ్మా" అనేవాడు. ఆమె వెళ్లాక గుండె తేలికపడేది. ఈ మనిషి దుఃఖం తగ్గకూడదని తను రోజూ కోరుకుంటున్నాడని ఒకనాడు అన్నం దగ్గర కూర్చుని ఉండగా తట్టింది. ముద్ద దిగలేదు. కాసేపటికి దిగింది, చేపల పులుసు కాబట్టి. దిగినందుకు మళ్లీ సిగ్గేసింది.

"వెళ్లి చెప్పెయ్యండి," అంది సత్యశ్రీ. "ఇలా జరిగిందమ్మా అనండి. అయిపోతుంది."

"సందర్భం చూసి చెప్తాను."

"మీరు సందర్భం చూసి మాట్లాడ్డం నేనైతే ఇంతవరకూ చూళ్లేదు."

ఈ ఏడు జూలైలో ఒక గురువారం స్కూటీ కొట్టు ముందు ఆగింది, ఇంజను కూడా ఆగింది. జోసెఫిన్ వెనక షారోన్ దిగింది. పదిహేడేళ్ల పిల్ల, తండ్రిలాగే పొడుగు.

"వినడానికొచ్చాం" అంది జోసెఫిన్.

"దీనికి పాండిచ్చేరిలో కాలేజీ సీటు వచ్చిందన్నయ్యగారూ. సోమవారం చేరాలి. నేను పంపనంటున్నాను. ఆయన కాకినాడే వెళ్లారు, గంట దూరం. ఆయనే రాలేదు. పాండిచ్చేరంటే ఒక రాత్రీ పగలూ ప్రయాణం."

"డాడీ ఉంటే పంపేవారంకుల్" అంది షారోన్.

"ఉంటే కదా! పొద్దస్తమానం ఇదే గొడవ. చివరికి ఒక మాట అనుకున్నాం. ఆయన గొంతు ఒకసారి విందాం. విన్నాక నా మనసుకి పంపాలనిపిస్తే పంపుతా, లేకపోతే ఇక్కడే డిగ్రీ. మళ్లీ అడక్కూడదు అన్నాను. ఒప్పుకుంది."

భాస్కరరావు ఫ్యాను వంక చూశాడు. అది తిరుగుతోంది.

"తెస్తానమ్మా" అని వెనక గదిలోకి వెళ్లాడు. అక్కడ చేసిన పని ఉన్నపళంగా తోచింది కాదు. ఏడాదిగా మనసులో ఒక మూల సర్ది పెట్టుకున్నదే. అదే అకార్డియన్ రికార్డు ఇంకో కాపీ, ఆనంద్ వచ్చి వెళ్లిన కొన్నాళ్లకి దరియాలతిప్ప నుంచి వచ్చినది, ఆయన దగ్గరుంది. దాంట్లో మాటలేమీ లేవని ఆయన నమ్మకం. అది వేస్తే సరి. ఖాళీలు ఖాళీగా ఉంటాయి. ఏమీ పడలేదమ్మా, ఒక్కోసారి అలా జరుగుతుంది అనొచ్చు. ఎందుకు జరుగుతుందో పావుగంట చెప్పొచ్చు కూడా. జోసెఫిన్ రికార్డు మీది పేపరు విప్పి, ఆ కాపీకి చుట్టి, తీసుకొచ్చాడు.

తల్లీకూతుళ్లు బల్లమీద కూర్చున్నారు. షారోన్ కాళ్లు దగ్గరికి పెట్టుకుంది. జోసెఫిన్ కొంగు చివర పళ్ల మధ్య పెట్టుకుంది, ఏడుపొస్తే కొరకడానికి. భాస్కరరావు ముల్లు దించాడు.

మొదటి ట్యూను అయిపోయింది. ఖాళీ వచ్చింది.

"ఒసేయ్, పిల్లి రొయ్యలెత్తుకుపోతందే! చూస్తా నిలబడతావేంటి మొద్దులాగ!" అంది రికార్డులోంచి ఎవరో ముసలమ్మ, కొట్టు అదిరిపోయేలా.

ఆ కాపీని భాస్కరరావు కనీసం నాలుగుసార్లు విన్నాడు. ఖాళీల్లో ఏముందో ఎన్నడూ వినలేదు. ఖాళీ వచ్చేసరికి పక్కన తనే ఏదో అంటూ ఉండేవాడనుకున్నాడు. అలాగైతే ముసలమ్మ మాట మీద తన మాట పడి ఉండాలి. వెనక గదిలో దాన్ని వేసినప్పుడల్లా ట్యూను కాగానే ముందుగదిలోకొచ్చి ఎవరికో ఏదో చెప్పడంలో ఉండేవాడు.

ముల్లు ఎత్తేశాడు.

"మాకు పిల్లి లేదంకుల్" అంది షారోన్.

జోసెఫిన్ లేచొచ్చి రికార్డు తిరగేసి చూసింది. రెండోవైపు గీత లేదు. రికార్డుని నెమ్మదిగా బల్లమీద పెట్టింది.

"మాదేదండీ?"

అన్నయ్యగారూ అనలేదు. భాస్కరరావు లోపలికెళ్లి తెచ్చాడు. ఈసారి చుట్టడానికి ఏమీ లేదు.

"తిప్పాను" అన్నాడు.

"ఎప్పుడు?"

"పోయినేడు, శ్రావణంలో. ఒకాయనొచ్చాడు. చూపిద్దామని."

"తిప్పితే తిప్పారు. మాట్లాడారా?"

"నేను మాట్లాడకుండా ఎప్పుడున్నానమ్మా."

జోసెఫిన్ కొంగు సవరించుకుని మళ్లీ బల్లమీద కూర్చుంది. "వెయ్యండి. ఎంత మిగిలితే అంత" అంది.

మొదటి ఖాళీ. "చూశారా ఆనంద్‌గారూ, దీన్ని అందరూ కల్యాణి అనుకుంటారు. నేను ఒప్పుకోను." ఆ గొంతు ఎవరిదో భాస్కరరావుకి ఒక క్షణం తెలియలేదు. కాస్త సన్నగా, తన రుచి తనే చూసుకుంటున్న గొంతు. తర్వాత తెలిసింది.

రెండో ఖాళీ. "ఈ విషయం ఈ జిల్లాలో ఇద్దరికే తెలుసండి. ఇంకొకాయన పోయారు."

మూడో ఖాళీ. "అసలు మనవాళ్లకి రికార్డు వినడం తెలీదండి. మధ్యలో మాట్లాడేస్తారు."

షారోన్ తల వంచేసుకుంది. నవ్వుతోందో ఏం చేస్తోందో తెలియలేదు. జోసెఫిన్ నవ్వలేదు. ఒక్కో ఖాళీ వచ్చే ముందు ఆమె మెడ కొంచెం ముందుకొచ్చేది. భాస్కరరావు గొంతు రాగానే మళ్లీ వెనక్కి వెళ్లేది. రోడ్డు మీద ఎవరో తెలిసిన మనిషిలా కనపడితే ఆగి, దగ్గరికొచ్చాక కాదని తెలిసినట్టు. అది చూస్తూ నిలబడ్డం కన్నా తన్నులు తినడం నయమనిపించింది ఆయనకి.

నాలుగో ఖాళీ. "ఉండండి, టీ చెప్పొస్తాను. మీకు చక్కెర తక్కువే కదా?"

ఇంక ఒక్కటే ఉంది. అయిదో ట్యూను నడుస్తుండగా భాస్కరరావుకి లోపల్నుంచి మాటలు తన్నుకొచ్చాయి. ఏదో ఒకటి చెప్పెయ్యాలి, ఈ పిల్ల తల వంచుకుని కూర్చోవడం చూడలేడు. నోరు తెరిచాడు. జోసెఫిన్ చూపుడువేలు లేపింది, క్లాసులో లేపినట్టు. ట్యూను చివరి గమకంలో ఉంది. మాట ఆగేలా లేదు. చేతిలో ఉన్న పంచె ముక్క, ఏళ్ల దుమ్ముతో సహా, నోట్లో కుక్కుకున్నాడు.

అయిదో ఖాళీ.

ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఈ కొట్టు ఫ్యాను కాదు. కంచం ఒకటి గట్టుమీద పెట్టిన చప్పుడు. తర్వాత ఒక మగ గొంతు, తీరిగ్గా, నోట్లో ఏదో నములుతూ.

"వెళ్లనీ జోసీ. ఎక్కడికి పోద్ది, వచ్చేస్తదిలే."

ఆరో ట్యూను మొదలైంది. అప్పుడు ఏడ్చింది జోసెఫిన్. పాట మీద ఏడవొచ్చు, పాట పట్టుకోదు. ఆ ట్యూను ఎంతసేపుందో అంతసేపూ గొంతెత్తి ఏడ్చి, అది ముగిసేలోపు ముఖం తుడుచుకుంది. షారోన్ తల్లి చెయ్యి పట్టుకుని, రికార్డు పూర్తిగా ఆగేదాకా దానివంకే చూసింది.

"స్కూలువాళ్లు కాకినాడ తీసుకెళ్లిన రోజది," అంది జోసెఫిన్. "సైన్సు ఎగ్జిబిషన్‌కి. ఎనిమిదో తొమ్మిదో క్లాసు. నేను వద్దంటే దీనికీ నాకూ గొడవ. ఆయన ఇడ్లీ తింటా అన్నారు ఆ మాట."

"ఏడింటికల్లా వచ్చేశాను" అంది షారోన్.

"ఎనిమిదిన్నర."

"ఇంకోసారి వేద్దాం మమ్మీ."

"వద్దు. ఇంకోసారి వేస్తే నేను జవాబు చెప్పేస్తాను."

భాస్కరరావు నోట్లోంచి గుడ్డ తీశాడు. నోరంతా దుమ్ము. ఆనాడు తను టీ చెప్పడానికి బయటికి వెళ్లబట్టి ఆ ఒక్క ఖాళీ మిగిలింది. జోసెఫిన్ రికార్డుని సంచిలో పెట్టుకుంటూ, "మిగతా నాలుగింట్లో ఏమన్నారో" అంది. భాస్కరరావుతో అనలేదు, ఊరికే అంది. "ఒకదాంట్లో నన్ను తిట్టే ఉంటారు. ఆదివారాలు తిట్టేవారు." భాస్కరరావుకి చెప్పడానికి చాలా ఉంది. తలూపాడు.

మెట్టు దిగి స్కూటీ తాళం తిప్పబోతూ జోసెఫిన్ ఆగింది. "బకెట్టూ మగ్గూ ఇక్కణ్నుంచే పట్టుకెళ్లాలా, పాండిచ్చేరిలో దొరుకుతాయా?"

షారోన్‌కి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "దొరుకుతాయి మమ్మీ."

"అయితే సూట్‌కేసులో చోటుంటది. పండుమిరప పచ్చడి పెడతాను. నూనె కారకుండా మూత బిగించుకో."

షారోన్ ఆదివారం వెళ్లింది. సోమవారం చేరింది. ఇప్పుడు జోసెఫిన్ పొద్దున్న స్కూలుకెళ్తూ కొట్టు దగ్గర బండాపుతోంది. మళ్లీ అన్నయ్యగారూ అంటోంది. ఎందుకు అంటోందో భాస్కరరావుకి తెలియదు, దానికి తను ఏం చేశాడని. పిల్ల ఫోన్ చేసిందని, హాస్టల్లో సాంబారు తియ్యగా ఉందని చెప్తుంది. ఆయన వెంటనే ఆ సాంబారు ఎందుకు తియ్యగా ఉంటుందో చెప్తాడు. ఏ రైలుకి టికెట్టు తేలిగ్గా దొరుకుతుందో, అక్కడ తుపాన్లు ఏ నెలలో వస్తాయో, పిల్లలకి ఊరి మీద బెంగ ఎన్నో వారానికి తగ్గుతుందో చెప్తాడు. ఆమె అన్నీ వింటుంది. టైమైపోతోందని వెళ్తుంది.

"చెప్పారా?" అంటుంది సాయంత్రం సత్యశ్రీ.

"మాటల్లో పడి కుదర్లేదు."

"రేపు?"

"రేపు చెప్తాను."

రేపు స్కూటీ ఆగుతుంది. ఆయన వాన గురించి మొదలుపెడతాడు. యాభై ఎనిమిదేళ్లొచ్చాయి, ఇన్ని రాగాలు తెలుసు. తప్పు చేశాను, క్షమించమ్మా అని ఒక మనిషికి ఎదురుగా నిలబడి ఎలా చెప్పాలో మాత్రం భాస్కరరావుకి ఇంకా రాలేదు.